గట్టి కండకే చిక్కటి పులుసు

పెద్దకూర వండే ఇళ్లల్లో అందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. పొయ్యి మీదికెక్కిన అరగంటకు ముక్కను గరిటెతో నొక్కి చూస్తే, పచ్చిగా ఉన్నప్పటికంటే గట్టిగా తగులుతుంది. కొత్తగా వండేవాళ్లు అక్కడే కంగారుపడి మంట పెంచుతారు. లేదంటే ముసలి మాంసం అంటగట్టాడని కొట్టువాణ్ణి తిట్టుకుంటారు. చేయి తిరిగినవాళ్లు మాత్రం మంట తగ్గించి, మూత పెట్టి, వేరే పనిలో పడతారు. ఇంకో రెండు గంటలకు అదే ముక్క వేళ్లతో తీస్తే విడిపోతుంది, పులుసు కూడా చిక్కబడుతుంది. ముక్క మెత్తబడటం, పులుసు చిక్కబడటం రెండూ ఒకే రసాయన మార్పు ఫలితాలు.

ఒకే ముక్కలో రెండు ప్రోటీన్లు

పచ్చి మాంసంలో నూటికి 75 పాళ్లు దాకా నీళ్లే. ఆ నీటిని పట్టి ఉంచేది కండపోగుల్లోని ప్రోటీన్లు. వేడి 50 డిగ్రీలు దాటేసరికి అవి గడ్డకట్టడం మొదలవుతుంది. 60 దాటాక పోగుల చుట్టూ ఉన్న తెల్లటి పొరలు బిగుసుకుని లోపలి నీటిని బయటికి పిండేస్తాయి. గిన్నెలో నీళ్లు పోయకపోయినా కూర నీళ్లూరడానికి కారణం ఇదే. నీళ్లు పోయి, ప్రోటీన్లు బిగిసి, ముక్క చిన్నదై గట్టిపడుతుంది.

ఆ తెల్లటి పొరలు కొల్లాజెన్ అనే మరో ప్రోటీన్‌తో తయారైనవి. చర్మంలో, ఎముకలో, కీళ్ల దగ్గరి తెల్లని బందుల్లో ఉండేదీ ఇదే. దీని అణువు ముప్పేట తాడులా మూడు పోగులు పెనవేసుకుని ఉంటుంది. అందుకే పచ్చిగా నమిలితే తెగదు. కానీ తడి వేడిలో, 70 డిగ్రీలకు పైన గంటల తరబడి ఉంచితే ఆ పేట విడిపోతుంది. విడిపోయిన పోగులే జెలటిన్. మందుల క్యాప్సూళ్ల తొడుగు చేసేదీ చాలావరకు దీనితోనే. కొల్లాజెన్ నీళ్లలో కరగదు, జెలటిన్ కరుగుతుంది. పొరలు కరిగిపోయాక కండపోగులను కలిపి ఉంచే బంధం ఉండదు కాబట్టి ముక్క విడిపోతుంది. కరిగిన జెలటిన్ పులుసులో చేరి దానికి బరువు తెస్తుంది, పోగుల మధ్య మిగిలినది ముక్కకు మెత్తదనాన్నిస్తుంది. ఇంత జరిగినా కండపోగులు పోగొట్టుకున్న నీళ్లు వెనక్కి రావు. బాగా ఉడికిన ముక్క నోటికి రసవంతంగా తోచడం చాలావరకు జెలటిన్, కొవ్వుల చలవే.

పశువు వయసు, చట్టం

పశువు ముదిరేకొద్దీ కొల్లాజెన్ పోగుల మధ్య అడ్డబంధాలు ఎక్కువై, వేడికి తట్టుకునే రకంగా మారతాయి. లేత పశువు మాంసం గంటలో ఉడికితే, ముదురుది మూడు గంటలడుగుతుంది. మన దగ్గర దీనికి చట్టంతో కూడా సంబంధముంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన 1977 నాటి చట్టం ఆవులనూ వాటి దూడలనూ, గేదె దూడలనూ కోయడాన్ని నిషేధించింది. మిగతా పశువులను కోయాలంటే పనికీ పాడికీ ఈతకూ ఇక అక్కరకు రావని అధికారి ధ్రువపత్రం ఇవ్వాలి. అంటే బీఫ్ పేరుతో తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువగా అమ్మేది వయసు మళ్లిన గేదె, దున్న మాంసం. కండకు ఎరుపునిచ్చే మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ ఎక్కువ కాబట్టి అది ముదురు ఎరుపులో ఉంటుంది. మేతలోని పసుపు రంగు పదార్థమైన కెరోటిన్‌ను గేదె శరీరం విటమిన్-ఏగా మార్చుకుంటుంది కాబట్టి కొవ్వు పసుపు ఛాయ లేకుండా తెల్లగా ఉంటుంది.

పశువు ఎక్కువగా కష్టపెట్టిన కండల్లోనే కొల్లాజెన్ ఎక్కువ. నడిచే కాలి పిక్క, బరువు మోసే మెడ, జబ్బ, ఎప్పుడూ ఆడించే తోక, నాలుక ఈ కోవలోవి. నడుము పక్కనుండే మెత్తని కండలో పొరలు తక్కువ. అది వేపుడుకు, కబాబ్‌కు పనికొస్తుంది. పులుసులో వేసి రెండు గంటలు ఉడికిస్తే జెలటిన్ అందక పీచుపీచుగా మిగులుతుంది. హైదరాబాద్ పాతబస్తీలో తెల్లవారకముందే వడ్డించే నహారీలో కాళ్లు, నాలుక వాడటం వెనక లెక్క ఇదే. రాత్రంతా సన్నని సెగ మీద ఉంచితే కాళ్లలోని జెలటిన్ షేర్వాలోకి దిగుతుంది. తినేటప్పుడు పెదాలు ఒకదానికొకటి అంటుకోవడం దాని గుర్తు.

నూనె తేలాక

రుచిలో పెద్ద వాటా వేపుడిది. ప్రోటీన్ల తునకలు, చక్కెరలు అధిక వేడిలో కలిసి గోధుమ రంగునూ వందలాది వాసన పదార్థాలనూ పుట్టిస్తాయి. దీన్ని 1912లో ఫ్రెంచ్ రసాయనవేత్త లూయీ కమీయ్ మయ్యార్ వివరించాడు. ఇది చురుగ్గా సాగాలంటే దాదాపు 140 డిగ్రీలు కావాలి. గిన్నెలో నీళ్లున్నంతసేపూ వేడి 100 దాటదు. మాంసం నుంచి ఊరిన నీళ్లు ఇగిరి నూనె పైకి తేలేదాకా వేపమని పెద్దవాళ్లు చెప్పేది అందుకే. నూనె తేలిందంటే నీళ్లు పోయాయని, ఇక గిన్నె అడుగు 100 దాటి వేడెక్కుతుందని అర్థం. అడుగున పట్టిన గోధుమ రంగు పొరను కాసిని వేడినీళ్లు చల్లి గోకితే ఆ రుచంతా పులుసులోకి వస్తుంది. నల్లబడితే మాత్రం చేదు.

ముందు వేపితే మాంసంలోని రసం లోపలే ఉండిపోతుందన్న నమ్మకం 19వ శతాబ్దపు జర్మన్ రసాయనవేత్త లీబిగ్ వల్ల ప్రచారంలోకి వచ్చింది. అది నిజం కాదు. వేపిన ముక్క నుంచి కూడా నీళ్లు కారుతూనే ఉంటాయి. వేపడం వల్ల వచ్చేది రుచి, రంగు.

కుక్కర్ చేసే పని

వేడి పెరిగేకొద్దీ కొల్లాజెన్ త్వరగా కరుగుతుంది. కుక్కర్‌లో ఆవిరి ఒత్తిడి వల్ల నీళ్లు సుమారు 120 డిగ్రీల దాకా వేడెక్కుతాయి. మూడు గంటల పని ముప్పావు గంటలో తెములుతుంది. ఈ యంత్రానికి మూలపురుషుడైన డెనీ పాపాఁ 1679లో లండన్‌లోని రాయల్ సొసైటీ ముందు తన ఆవిరి పాత్రను ప్రదర్శించింది ఎముకలను మెత్తబరచడానికే. 1682లో ఆ పాత్రలో వండిన పశువుల ఎముకలను సొసైటీ సభ్యులు విందులో తిన్నారు. కుక్కర్‌లో ఒక లోటుంది. నీళ్లు ఇగరవు కాబట్టి పులుసు పలచగా వస్తుంది. ముక్క ఉడికాక మూత తీసి పావుగంట మరిగిస్తే సరిపోతుంది.

గోంగూర, చింతపండు లాంటి పులుపు ముందే వేస్తే ముక్క ఉడకదంటారు. పప్పు విషయంలో అది నిజం. మాంసానికి వర్తించదు. ఆమ్లం కొల్లాజెన్ కరగడానికి కొంత తోడ్పడుతుంది కూడా. గోంగూర చివర్లో వేయడం ఆకు రుచి నిలవడం కోసం. పచ్చి బొప్పాయిలోని పపైన్ కండ ప్రోటీన్లను కోస్తుంది గానీ, పైపైన కొన్ని మిల్లీమీటర్ల మేరకే. ఎక్కువైతే ముక్క పైభాగం పిండిలా చెదురుతుంది. పులుసు కూరకు దాని అవసరమే లేదు.

మిగిలిన కూర

మర్నాడు ఫ్రిజ్‌లోంచి తీసిన కూర గడ్డకట్టి వణుకుతుంటే అది పాడైనట్టు కాదు, జెలటిన్ తిరిగి అల్లుకున్నట్టు. వేడి చేస్తే మళ్లీ పులుసే. జాగ్రత్త పడాల్సింది వేరే చోట ఉంది. క్లాస్ట్రిడియం పర్ఫ్రింజెన్స్ అనే బాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు. పెద్ద గిన్నెలో కూర గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి వేగంగా పెరుగుతాయి. విందుభోజనాల తరవాత వచ్చే కడుపునొప్పి, విరేచనాలకు తరచుగా ఇదే కారణం. కూరను 60 డిగ్రీలకు పైన వేడిగానైనా ఉంచాలి, లేదా వెడల్పు గిన్నెల్లో పలచగా సర్ది, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. తినేముందు పొగలు వచ్చేదాకా మరిగించాలి.

ఈసారి కొట్టుకెళ్లినప్పుడు మెత్తని బోన్‌లెస్ కోసం పట్టుబట్టకండి. తెల్లని పొరలున్న పిక్క కండ, రెండు నల్లి ఎముకలు అడగండి. బాగా వేపండి. నీళ్లు పోశాక తెర్లనివ్వకుండా, అక్కడక్కడా బుడగ లేచేంత సెగ మీద ఉంచండి. అరగంటకు ముక్క గట్టిగా తగిలితే పొయ్యి ఆపకండి, సగం పనే అయింది.