అమ్మ కోటు, లండన్ ఛారిటీ షాపులు

పోయిన నెల మన గ్రూపులో ఒకావిడ అడిగారు, "అత్తగారు వస్తున్నారు, లండన్‌లో రెండు రోజులుంటాం, తక్కువలో మంచి చలికోటు ఎక్కడ దొరుకుతుంది?" అని. పది మంది ప్రైమార్క్ అన్నారు. నేను "ఛారిటీ షాపులు చూడండి" అని పెట్టాను. కాసేపు ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత ముగ్గురు నాకు విడిగా మెసేజ్ పెట్టారు, "మేమూ అక్కడే కొంటాం అక్కా, ఎవరికీ చెప్పకండి" అని! అందుకే ఇది రాస్తున్నాను.

మనకి ఇదొక వింత నామోషీ. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకం కొంటే గొప్పగా చెప్పుకుంటాం. పక్కింటి పాప గౌను మన పాపకి తొడిగితే ముచ్చటపడతాం. అదే ఎవరో వాడిన కోటు డబ్బిచ్చి కొంటే మాత్రం "విడిచిన బట్టలా?" అని మొహం చిట్లిస్తాం. నేను ఈ దేశం వచ్చి పదకొండేళ్ళు. మా పిల్లల కోట్లు, నా లెదర్ బ్యాగు, మా ఆయన ఇంటర్వ్యూ సూటు అన్నీ ఛారిటీ షాపులవే. ఫోటోలు చూసి ఊళ్ళో ఎవరైనా అడిగితే "సేల్‌లో కొన్నాం" అనేదాన్ని. అమ్మకానికి పెట్టిందే కదా, అబద్ధమేముంది అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని.

అమ్మ దగ్గర కూడా అదే మాట చెప్పి దొరికిపోయాను.

కిందటి అక్టోబరులో అమ్మ చీరాల నుంచి వచ్చింది, ఆర్నెల్లు ఉందామని. అప్పటికి మా ఆయన కాంట్రాక్టు అయిపోయి రెండు నెలలు. ఆ సంగతి అమ్మకి చెప్పలేదు. స్విండన్ గాలి సంగతి ఇక్కడున్న వాళ్ళకి చెప్పక్కర్లేదు. చీర మీద రెండు స్వెట్టర్లు, ఆపైన శాలువా కప్పుకుని కూర్చునేది. దగ్గు పట్టుకుంది. కొత్త ఉన్ని కోటు చూస్తే 110 పౌండ్లు. మా వీధి చివర ఛారిటీ షాపులో ముదురు నీలం ఉన్ని కోటు, మోకాళ్ళ కిందదాకా, లోపల నున్నటి లైనింగ్, 14 పౌండ్లు. కొని, ట్యాగు కత్తిరించి తెచ్చాను. అమ్మ తడిమి చూసి "మంచి సరుకే, ఎంతయింది?" అంది. సేల్‌లో నలభై అన్నాను. పద్నాలుగంటే అనుమానం వస్తుందని!

మూడు వారాల తర్వాత లండన్ చూపిద్దామని కోచ్ ఎక్కాం. జేబుల్లో చేతులు పెట్టుకు కూర్చున్న అమ్మకి లైనింగ్ చిరుగులోంచి ఏదో తగిలింది. వేళ్ళతో లాగితే మడతపెట్టిన కాగితం. చదవమని నాకిచ్చింది. వణికే చేతిరాత. పాలు, స్టాంపులు, పిల్లికి తిండి, బల్బు. అంతే.

"ఎవరిదే ఇది?"

చెప్పేశాను. కోటు సంగతి చెబుతుంటే ఉద్యోగం సంగతి కూడా దానంతటదే బయటికొచ్చింది. అమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. రీడింగ్ దాటాక అడిగింది, "ఆవిడ ఉందా, పోయిందా?" అని. తెలీదమ్మా అన్నాను. పోయినవాళ్ళ బట్టలు మా ఇంట్లో ఒక్క రోజు ఉంచరు. తిడుతుందనుకున్నాను. "అల్లుడికి పని లేదన్న మాట దాచి నాకు కోటు కొన్నావు. అదీ కొత్తదని చెప్పావు. నేనేమన్నా చుట్టపుచూపుగా వచ్చానా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

విక్టోరియాలో దిగేటప్పుడు కోటు చేతిమీద వేసుకుంది. ఐదు నిమిషాలు ఆ చలిలో నిలబడి, ఏమీ మాట్లాడకుండా తొడుక్కుంది. "నువ్వు రోజూ ఏ షాపులకి పోతావో అక్కడికే తీసుకెళ్ళు, నేనూ చూస్తా" అంది. లండన్ ఐ వాయిదా పడింది.

ఇక మీకు పనికొచ్చే సంగతులు. ఆక్స్‌ఫామ్ వాళ్ళు 1947లో ఆక్స్‌ఫర్డ్ బ్రాడ్ స్ట్రీట్‌లో షాపు తెరిచారు. ఇవాళ ఏ ఊరి హై స్ట్రీట్‌లో చూసినా ఇలాంటివి రెండు మూడు ఉంటాయి. సరుకు జనం ఊరికే ఇచ్చింది, అమ్మేవాళ్ళలో ఎక్కువమంది జీతం లేని వాలంటీర్లు, షాపు మీద పన్నులో 80 శాతం రాయితీ, విరాళంగా వచ్చిన సరుకు అమ్మితే వ్యాట్ సున్నా. అందుకే చవక. మిగిలిన డబ్బు ఏ సంస్థ షాపైతే దాని పనికి వెళ్తుంది. క్యాన్సర్ పరిశోధన కావచ్చు, గుండె జబ్బులు కావచ్చు, చివరి రోజుల్లో ఉన్నవాళ్ళని చూసుకునే హాస్పిస్ కావచ్చు.

లండన్‌లో నేను పెట్టుకున్న లెక్క ఒకటుంది. డబ్బున్న పేటలో పాత సరుకు కూడా ఖరీదైనదే దొరుకుతుంది. చెల్సీలో కింగ్స్ రోడ్ పక్కన ఓల్డ్ చర్చ్ స్ట్రీట్‌లో బ్రిటిష్ రెడ్ క్రాస్ షాపు ఉంది. మనం పత్రికల్లో మాత్రమే చూసే డిజైనర్ల పేర్లు అక్కడ హ్యాంగర్ల మీద కనబడతాయి, ధరలు కూడా దానికి తగ్గట్టే. చూసి రావడానికి బాగుంటుంది. మ్యారిల్‌బోన్ హై స్ట్రీట్‌లో ఆక్స్‌ఫామ్ పుస్తకాల షాపులో దూరితే నాకు గంటన్నర పడుతుంది, అమ్మకి పది నిమిషాల్లో విసుగొచ్చింది. నిజంగా పొదుపు కావాలంటే టూటింగ్, ఈస్ట్ హామ్, వాల్తమ్‌స్టో వైపు వెళ్ళండి. ఓపిక కావాలి, ఇరవై హ్యాంగర్లు తిప్పితే ఒకటి దొరుకుతుంది.

కోటు తీసుకుంటే ముందు చంకల దగ్గర, కాలరు లోపల చూడండి. తర్వాత వెలుతురుకి ఎత్తి పట్టుకుని చిమ్మట కన్నాలు వెతకండి. జిప్పు మూడుసార్లు లాగండి. లోపలి లేబుల్ మీద ఉన్ని ఎంత శాతమో చదవండి. మార్క్స్ అండ్ స్పెన్సర్ కోటు మీద "సెయింట్ మైకేల్" అని కనబడితే వదలకండి. 2000 ప్రాంతంలో వాళ్ళు ఆ పేరు చాలావరకు మానేశారు. అంటే చాలామటుకు పాతికేళ్ళు దాటినా కుట్టు ఊడకుండా నిలిచిందన్నమాట. ఇంటికి తెచ్చాక ఉన్ని బట్టని ప్లాస్టిక్ సంచిలో గట్టిగా కట్టి రెండు వారాలు ఫ్రీజర్లో పెడితే చిమ్మట గుడ్లు చస్తాయి. (ఆవకాయ డబ్బాల మధ్య కోటు చూసి మా ఆయన భయపడ్డారు.) పిల్లల కార్ సీటు, హెల్మెట్ మాత్రం ఎంత చవకైనా పాతవి కొనొద్దు, లోపల తగిలిన దెబ్బ బయటికి కనబడదు. సోఫాకి నిప్పు భద్రత లేబుల్ ఉందో లేదో చూడండి. జేబులు వెతకండి, లైనింగ్ లోపల కూడా.

మీ ఇంట్లో పాతవి ఇచ్చేటప్పుడు గిఫ్ట్ ఎయిడ్ ఫారం నింపండి. మీరు ఇక్కడ పన్ను కట్టేవాళ్ళైతే, మీ సరుకు అమ్మగా వచ్చిన ప్రతి పౌండుకి ప్రభుత్వం ఇంకో 25 పెన్స్ వాళ్ళకిస్తుంది. మీకు పైసా ఖర్చు లేదు.

అమ్ముడుపోని బట్టలేమవుతాయని అమ్మ అడిగింది. బరువు లెక్కన వ్యాపారులు కొని విదేశాలకి పంపేస్తారు. కొన్ని మన కాండ్లా రేవుకి చేరతాయి, పానిపట్‌లో పాత ఉన్ని చింపి దారం తీసి దుప్పట్లు నేస్తారు. "అయితే మనం రైల్లో కప్పుకున్న దుప్పటి కూడా వీళ్ళ కోటేనేమో" అంది అమ్మ. అదే ఆ రోజు మొదటిసారి నవ్వడం. చిన్నప్పుడు పాత చీరలు వేసి స్టీలు గిన్నెలు తీసుకునేవాళ్ళం కదా, అవెక్కడికి పోయేవో ఎప్పుడైనా ఆలోచించామా?

మధ్యాహ్నం ఈస్ట్ హామ్‌లో దోసె తిని, పక్కనున్న ఒక చిన్న ఛారిటీ షాపులోకి వెళ్ళాం. నేను గిన్నెల దగ్గర ఉన్నాను. అమ్మ గట్టిగా పిలిచింది. కర్టెన్ల బుట్టలోంచి ఒక చీర లాగి నిలబడింది. ఆకుపచ్చ ఒళ్ళు, మెరూన్ అంచు, 4 పౌండ్ల స్టిక్కరు. "కుప్పడం చీరే ఇది. అంచు వేరే రంగు, ఒళ్ళు వేరే రంగు, రెండూ మగ్గం మీదే ముడేస్తారు చూడు" అని తిరగేసి చూపించింది. మా తాతయ్య అవే నేసేవాడు. ఇద్దరు మనుషులు కూర్చుంటే గానీ నడవని మగ్గం అది. "కర్టెన్లలో పడేశారే" అంది. ఎవరు ఇచ్చేశారో, ఎందుకిచ్చారో. ఆవిడ కూతురికి చీర కట్టడం రాదేమో, ఆవిడే పోయిందేమో.

కౌంటర్ దగ్గరున్న పెద్దావిడ, కుట్టు లేని పొడుగు గుడ్డ కదా, కిటికీకనుకున్నానంది. అమ్మ ఆవిడ ముందే కోటు మీద చీర చుట్టి, కుచ్చిళ్ళు పోసి చూపించింది. నేను ఇంకో రెండు గ్లాసులు కలిపి ఐదుకిమ్మని అడగబోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది, "దీనికి బేరమాడకు" అని. తన పర్సులోంచి ఐదు పౌండ్ల నోటు తీసిచ్చి, చిల్లర అక్కడున్న డబ్బాలో వేయించింది.

సంక్రాంతికి మా స్విండన్ వాళ్ళందరం కలిసినప్పుడు అమ్మ ఆ చీరే కట్టుకుంది. ఒకావిడ "ఎక్కడ తీసుకున్నారు పిన్నిగారూ, ఉప్పాడా?" అంది. నేను నోరు తెరిచేలోపే అమ్మ చెప్పింది, "ఈస్ట్ హామ్‌లో, పాత కర్టెన్ల బుట్టలో, నాలుగు పౌండ్లు. కోటు పద్నాలుగు." ఒక్క క్షణం గది నిశ్శబ్దం. తర్వాత ఇద్దరు ఆ షాపు అడ్రసు రాసుకున్నారు.

ఏప్రిల్‌లో అమ్మ వెళ్ళిపోయింది. మార్చిలోనే మా ఆయనకి పని దొరికింది, ఆ మాట మొదట చెప్పింది అమ్మకే. వెళ్ళే ముందు రోజు కోటుకి ఊడిన బొత్తం వేసి, లైనింగ్ చిరుగు కుట్టింది. కుట్టే ముందు ఆ కాగితం మళ్ళీ లోపలే పెట్టింది. మా వీధి చివర షాపులో తిరిగి ఇచ్చేశాను, గిఫ్ట్ ఎయిడ్‌తో. 12 పౌండ్ల ట్యాగు వేశారు. స్విండన్ వాళ్ళెవరైనా కొంటే, కుడి జేబు కుట్టు విప్పకండి.