బ్రేక్ ఆయిల్ తగ్గుతోందా? పోసేసి వదిలేస్తే ప్రమాదమే.. కారు ముందే ఇచ్చే హెచ్చరికలు ఇవే!

‘బ్రేకులు ఒక్కసారిగా ఫెయిలయ్యాయి’.. ప్రమాదాల తర్వాత తరచూ వినిపించే మాట ఇది. కానీ ఆయిల్ లీకేజీ వల్ల పోయే బ్రేకులు చాలావరకు చెప్పాపెట్టకుండా పోవు. నేల మీద మరక, మెత్తబడిన పెడల్, డ్యాష్‌బోర్డులో ఎర్ర లైటు.. ఇలా కారు ముందే చెబుతుంది. అది పట్టించుకోకుండా ఆయిల్ పోయించుకుని రోడ్డెక్కడమే అసలు సమస్య.

ఆయిల్ ఎందుకు తగ్గుతుంది?

పెడల్ నొక్కగానే మాస్టర్ సిలిండర్‌లోని ఆయిల్ మీద ఒత్తిడి పడుతుంది. అది సన్నటి పైపుల గుండా నాలుగు చక్రాలకూ చేరి, ప్యాడ్లను డిస్కుకు, షూలను డ్రమ్ముకు అదుముతుంది. ఇదంతా మూసి ఉండే సిస్టమ్. బ్రేక్ ఆయిల్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు.

మరి డబ్బాలో లెవెల్ ఎందుకు పడిపోతుంది? ముఖ్యంగా రెండు కారణాలు. ప్యాడ్లు అరిగేకొద్దీ వేల కిలోమీటర్ల మీద నెమ్మదిగా కొంచెం తగ్గడం మామూలే. కానీ పోసిన కొద్దిరోజులకే మళ్లీ తగ్గిందంటే.. లీక్ ఉన్నట్టే. టాపప్ రిపేర్ కాదు.

ఆ తడి ఏసీ నీళ్లేనా?

కారు కింద తడి కనిపిస్తే ఏసీ నీళ్లేలే అనుకుంటాం. ఒక తెల్ల కాగితంతో అద్ది చూడండి. నీళ్లయితే రంగు ఉండదు, ఆరిపోతుంది. బ్రేక్ ఆయిల్ లేత పసుపు రంగులో, పాతదైతే గోధుమ రంగులో ఉండి జారుడుగా తగులుతుంది. చక్రం లోపలి వైపు తడి ఉంటే మరింత అనుమానించాలి. చేతికి అంటితే వెంటనే కడుక్కోండి. కారు బాడీ మీద పడితే పెయింట్ కూడా పాడవుతుంది.

పెడల్ టెస్ట్ ఇలా..

బండి చదునుగా ఉన్నచోట ఆపి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి పెడల్‌ను గట్టిగా అర నిమిషం నొక్కి పట్టండి. గట్టిగా నిలబడితే మంచిదే. మెల్లగా కిందికి దిగుతూ పోతే బయట లీక్ గానీ, మాస్టర్ సిలిండర్ లోపల సీల్ దెబ్బతినడం గానీ జరిగి ఉండొచ్చు. స్టార్ట్ చేసిన క్షణంలో పెడల్ కొంచెం దిగడం మాత్రం మామూలే.

ఇప్పటి కార్లలో బ్రేకులకు రెండు సర్క్యూట్లు ఉంటాయి. ఒకటి లీకైనా రెండోది పనిచేస్తుంది. అందుకే ‘బండి ఆగుతోంది కదా’ అనిపిస్తుంది. కానీ పెడల్ లోతుకు వెళ్తుంది, బండి ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది.

మరక లేకపోయినా లీక్ ఉండొచ్చు

మాస్టర్ సిలిండర్ వెనక సీల్ పోతే ఆయిల్ బూస్టర్ లోపలికి చేరుతుంది. నేల మీద చుక్క కనిపించదు. అమెరికాలో 2023 సెప్టెంబర్‌లో హ్యుందాయ్, కియా దాదాపు 34 లక్షల కార్లను రీకాల్ చేసిందీ బ్రేక్ సిస్టమ్‌లో లీక్ వల్లే. ఏబీఎస్ యూనిట్ లోపల ఆయిల్ కారి, షార్ట్ సర్క్యూట్‌తో మంటలు రావొచ్చని చెప్పి, రిపేర్ అయ్యేదాకా కార్లను ఇళ్లకు దూరంగా ఆరుబయట పార్క్ చేయమన్నారు.

ఘాట్ రోడ్డు దిగుతున్నారా?

తిరుమల, అరకు, శ్రీశైలం వెళ్లేవాళ్లు ఇది గమనించాలి. లీక్ లేకపోయినా బ్రేక్ ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది. డాట్ 4 ఆయిల్‌కు ప్రమాణం ప్రకారం కనీస మరుగు స్థానం కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల సెల్సియస్ అయితే, తేమ చేరాక 155 డిగ్రీలే. దిగేటప్పుడు బ్రేక్ మీదే కాలు పెట్టి ఉంచితే వేడికి ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు వస్తాయి. అప్పుడు పెడల్ స్పాంజిలా మెత్తగా దిగిపోతుంది. అందుకే చాలా కంపెనీలు దాదాపు రెండేళ్లకోసారి ఆయిల్ మార్చమంటాయి. దిగేటప్పుడు చిన్న గేర్‌లోనే రండి. న్యూట్రల్ అసలే వద్దు.

బ్రేక్ పడకపోతే..

* పెడల్‌ను వేగంగా, పదేపదే నొక్కండి. కొంత ఒత్తిడి రావొచ్చు.
* గేర్లు ఒక్కొక్కటిగా తగ్గించండి. ఆటోమేటిక్ అయితే మాన్యువల్ లేదా ‘ఎల్’ మోడ్‌లోకి మార్చండి.
* హ్యాండ్ బ్రేక్‌ను బటన్ నొక్కి పట్టుకునే మెల్లగా లాగండి. ఒక్కసారిగా లాగితే బండి తిరిగిపోతుంది. ఎలక్ట్రానిక్ బ్రేక్ అయితే చాలా మోడళ్లలో స్విచ్‌ను పట్టి ఉంచితే కారు నెమ్మదిస్తుంది.
* హారన్ కొడుతూ హజార్డ్ లైట్లు వేయండి.
* కదులుతుండగా ఇంజిన్ ఆపొద్దు. స్టీరింగ్ బరువెక్కుతుంది, తాళం తీస్తే లాక్ కూడా కావొచ్చు.

షెడ్‌లో ఇవి అడగండి

లీక్ ఎక్కడుందో చూపించమనండి. ఆయిల్ తడిసిన ప్యాడ్లు, షూలు తుడిచి మళ్లీ వేయకుండా మార్పించండి. రిపేర్ తర్వాత పైపుల్లో గాలి తీయించడం తప్పనిసరి. డబ్బా మూత మీద రాసిన గ్రేడ్ ఆయిలే పోయించండి. ఇంజిన్ ఆయిల్ పోస్తే రబ్బరు సీళ్లు ఉబ్బి మొత్తం సిస్టమే పాడవుతుంది.

హ్యాండ్ బ్రేక్ దించినా ఎర్ర లైటు ఆరకపోతే, లేదా పెడల్ అడుగుకు తగులుతుంటే.. షెడ్ దాకా మెల్లగా వెళ్దాం అనుకోవద్దు. బండి అక్కడే ఆపి మెకానిక్‌నే పిలిపించండి, లేదా టోయింగ్ చేయించండి.