అంటు కాపుకొచ్చినా అప్పీలు తేలదు

మా చాట్రాయి వైపు ఆడవాళ్ళం కాలాన్ని మామిడి కాపుతో లెక్కపెట్టుకుంటాం. "పెద్దదాని పెళ్ళి బంగినపల్లి విరగకాసిన ఏడు చేశాం" అంటారు మా పక్కింటి పిన్నిగారు. అంటు నాటితే నాలుగైదేళ్ళకి కాయ కళ్ళజూస్తాం. మరి హైకోర్టులో వేసిన అప్పీలో?

2007 డిసెంబరులో ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఓ విద్యార్థిని హత్య జరిగింది. అప్పుడు మా అందరిదీ కృష్ణా జిల్లాయే. మర్నాటి నుంచి హాస్టల్లో పిల్లలున్న తల్లులకి నిద్రలేదు. 2008 ఆగస్టులో నందిగామ దగ్గరి అనాసాగరం కుర్రాడు సత్యంబాబుని అరెస్టు చేశారు. 2010 సెప్టెంబరులో విజయవాడ మహిళా సెషన్స్ కోర్టు శిక్ష వేసింది. హైకోర్టు అతన్ని నిర్దోషి అన్నది 2017 మార్చి 31న! అప్పీలుకే ఆరున్నరేళ్ళు, మొత్తం జైలు ఎనిమిదేళ్ళ పైమాటే. 2018లో హైకోర్టు సీబీఐని మళ్ళీ దర్యాప్తు చేయమంది. ఆలస్యం ఇద్దరు తల్లుల్నీ ఏడిపించింది.

కథలు రాసేటప్పుడు నేను "కాలం గడిచింది" అని ఒక్క ముక్కతో దాటేస్తుంటాను. జైలు బయట కూర్చున్న తల్లికి అలా దాటే వీలుందా?

పై గడప ఉందా?

సొంత దేశంలో కోర్టుల మెట్లన్నీ ఎక్కాకే ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కమిటీకి చెప్పుకోవాలి. అయితే, ఇక్కడ అకారణంగా సాగదీస్తుంటే అన్ని మెట్లూ ఎక్కేదాకా ఆగక్కర్లేదని 1966 నాటి ఐచ్ఛిక ఒప్పందమే చెబుతోంది. జమైకాలో అప్పీలు కోర్టు కారణాలు రాసివ్వడానికి దాదాపు మూడేళ్ళ తొమ్మిది నెలలు తీసుకుంటే, 1989లో ఆ కమిటీ తప్పుపట్టింది. మన దేశం ఆ ఒప్పందంలో చేరలేదు. కాబట్టి మనకు ఆ గడప లేదు. ఉన్నవల్లా మన కోర్టులే.

ఆ కోర్టులూ కొంత దారి చూపాయి. యావజ్జీవ శిక్ష పడ్డాక అయిదేళ్ళు జైల్లో గడిపినా అప్పీలు తేలకపోతే బెయిలు అడగొచ్చని 2016లో బచ్చు రంగారావు కేసులో హైదరాబాదు హైకోర్టు చెప్పింది. కొన్ని తీవ్రమైన నేరాలకు మినహాయింపులున్నాయి.

ఇవి గుర్తుంచుకోండి

* శిక్ష పడిన మనిషికి తీర్పు నకలు ఉచితంగా ఇవ్వాలి.
* సెషన్స్ కోర్టు వేసిన జైలుశిక్షపై హైకోర్టుకి వెళ్ళడానికి గడువు 60 రోజులు.
* ఖైదీ జైలు అధికారి ద్వారానే అప్పీలు పంపుకోవచ్చు.
* అప్పీలు తేలేదాకా శిక్ష నిలిపి బెయిలివ్వమని అడగొచ్చు.
* 1987 చట్టం కింద ఆడవాళ్ళకూ, జైల్లో ఉన్నవాళ్ళకూ ఆదాయంతో పనిలేకుండా ఉచిత ప్లీడరు దొరుకుతాడు. ఫోను నంబరు 15100.

"కోర్టు సంగతులు మనకెందుకమ్మా" అనుకుంటాం. కానీ ప్లీడరు గుమాస్తా చుట్టూ తిరిగేదీ, పుస్తెలు తాకట్టు పెట్టేదీ, ములాఖాత్‌కి బస్సెక్కేదీ ఎవరు? మనమేగా!

2010లో శిక్ష పడిన నాటికీ 2017లో విడుదలకీ మధ్య మా తోటల్లో ఆరు కాపులు దిగిపోయాయి. అందులో ఒక్కటైనా ఆ తల్లికి తీపనిపించి ఉంటుందా?