తీరిక లేనివారి చదువు

"ఈ నడుమ మీరేమి గ్రంథము చదువుచున్నారు?" అని యొక బంధువురాలు పేరంటమునందు మమ్ము ప్రశ్నించినది. పిల్లల యారోగ్యమును గూర్చియో, వంటను గూర్చియో యడిగియుండిన వెంటనే ప్రత్యుత్తర మిచ్చియుందుము. ఈ ప్రశ్నకు మాత్రము మాకు నోట మాట రాలేదు. ఇంటికి వచ్చి బీరువా తెరచి చూడగా, ఎన్నియో యేండ్ల క్రిందట సగము చదివి విడిచిన మొల్ల రామాయణములో గుర్తుగా నుంచిన నెమలియీక యున్నచోటనే యున్నది. ఆ దినమున మాకు గలిగిన సిగ్గే యీ వ్యాసమునకు మూలము.

"మాకు తీరిక యెక్కడిది?" అని సోదరీమణులు పలువు రందురు. ఆ మాట యబద్ధము కాదు. తెల్లవారినది మొదలు దీపమార్పువరకు ఇల్లాలి కాలమును ఇంటిల్లిపాదియు పంచుకొందురు. మిగిలిన కొలదిపాటి సమయమును నేడు సెల్‌ఫోను హరించుచున్నది. అయినను తీరికలేమికంటె పెద్ద యాటంక మొకటి మన మనస్సులోనే కలదు. పురుషుడు వార్తాపత్రిక చేతబట్టిన నది యాతని హక్కని యెంతుము. స్త్రీ పుస్తకము చేతబట్టిన నది పనినుండి దొంగిలించిన కాలమని తలంతుము. అడుగుల చప్పుడు వినబడగనే పుస్తకము మూసి లేచుట మేమును చేసిన పనియే. మమ్మెవరును మందలింపలేదు, మమ్ము మేమే మందలించుకొంటిమి.

ఇట్టి సమయమున మాకు భండారు అచ్చమాంబగారు జ్ఞప్తికి వచ్చిరి. 1874లో జన్మించిన వీరు పాఠశాలలో చదువలేదు. బాల్యముననే వివాహమైనది. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారు చదువుకొనుచుండగా, ఆయనతోపాటు ఇంటియందే విద్య నేర్చుకొనిరి. కన్నబిడ్డలను పోగొట్టుకొనియు చదువును విడువలేదు. స్త్రీలు అబలలు, జ్ఞానహీను లనెడి యపవాదును తొలగింప నెంచి, పూర్వస్త్రీల చరిత్రములను శోధించి, 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' మొదటి భాగమును ప్రకటించిరి. 1905లో ముప్పదియేండ్ల ప్రాయముననే గతించిరి. వారి పాండిత్యము మనకు రాకపోవచ్చును. చదువును విడువని యా పట్టుదలలో కొంతయైనను మన మలవరచుకొనవచ్చును గదా!

మే మవలంబించిన పద్ధతిని చెప్పెదము. మొల్ల రామాయణమున గద్యపద్యములు కలిపి సుమారు 870 కలవు. దినమునకు 5 చొప్పున చదివిన ఆరు మాసములలో గ్రంథము ముగియును. ఇందుకు పావుగంట చాలును. మధ్యాహ్నము వంటయిల్లు సర్దిన వెంటనే కూర్చుండి, పైకి వినబడునట్లు చదువుదుము. తెలియని పదములను నోటుపుస్తకమున వ్రాసికొని, ఆదివారమునాడు నిఘంటువు చూతుము. మొదటి వారమున రెండు దినములు తప్పినవి. తప్పినదానికి బదులుగా మరునాడు పది పద్యములు చదువబోయి విసిగితిమి. నాటినుండి తప్పిన దినమును మరచి, ఆనాటి యైదింటితోనే తృప్తిపడుచున్నాము. బాకీవలె పెరిగిన చదువు భారమై, తుదకు మూలబడును.

పద్యములు కఠినముగా దోచువారికి కనుపర్తి వరలక్ష్మమ్మగారి 'శారద లేఖలు' మిక్కిలి యనుకూలములు. ఇవి మొదట 'గృహలక్ష్మి' పత్రికలో వెలువడి, తరువాత పుస్తకరూపము దాల్చినవి. శారద తన నెచ్చెలి కల్పలతకు వ్రాసిన యుత్తరములుగా సాగుచు, నాటి స్త్రీల సమస్యలను ముచ్చటించును. ఒక పర్యాయము కూర్చుండిన నొక లేఖ ముగియును. నడుమనడుమ లేవవలసిన యిల్లాలికి ఇంతకంటె నేమి కావలయును?

పది దినములు గడచిన పిమ్మట నొకనాడు వెనుక నడుగుల చప్పుడైనది. అలవాటు చొప్పున చేయి పుస్తకమును మూయబోయినది గాని, మేము మూయనీయలేదు. వచ్చినది మా కుమార్తె. "ఏమి చదువుచున్నావమ్మా?" అని ప్రక్కన కూర్చుండి, తరువాతి పద్యమును తానే చదివినది. తల్లి దాచుకొని చదివిన నది దాచవలసిన పనియనియే బిడ్డలు నేర్చుకొందురని యప్పుడు మాకు బోధపడినది.

మా నెమలియీక యిప్పుడు యుద్ధకాండమునకు వచ్చినది. సోదరీమణులారా, మీ పుస్తకములో గుర్తు ఎక్కడ నున్నది?