జంగపిల్లి నుంచి చౌసీ దాకా

ఆదిలాబాద్ జిల్లా బోథ్ చుట్టుపక్కల చేలగట్లు, గడ్డి బీళ్లు, వాగు ఒడ్డు పొదలు జంగపిల్లికి నచ్చే చోట్లు. దీన్ని గుర్తుపట్టడం తేలిక. ఇంటిపిల్లి కన్నా కాళ్లు పొడవు, తోక పొట్టి. మచ్చల్లేని ఇసుక రంగు ఒళ్లు, చెవుల కొసన చిన్న నల్ల కుచ్చు, తోక చివర నల్ల పట్టీలు. పట్టపగలు కూడా వేటాడుతుంది. ప్రధాన ఆహారం ఎలుకలు కాబట్టి రైతుకు కూలి అడగని కాపలాదారు.

శాస్త్రజ్ఞులు ఫెలిస్ చౌస్ అని పిలిచే ఈ జంతువుతో ఇంటిపిల్లిని కలిపి అమెరికాలో పెంపకందారులు తీర్చిదిద్దిన జాతే చౌసీ. అంతర్జాతీయ పిల్లుల సంఘం టికా 1995లో దాన్ని నమోదుకు తీసుకుంది, 2013లో చాంపియన్‌షిప్ పోటీలకు అనుమతించింది. ఇలాంటి సంకర జాతులు మరో రెండు ప్రసిద్ధం. చిరుతను తలపించే చుక్కల చిన్న అడవిపిల్లి నుంచి బెంగాల్ జాతి వచ్చింది. ఆఫ్రికాలోని సర్వల్ అనే అడవిపిల్లికీ ఇంటిపిల్లికీ 1986లో పుట్టిన కూనతో సవానా జాతి మొదలైంది.

ఈ జంతువులన్నింటికీ క్రోమోజోములు 38. అయినా కలయిక అన్నిటికీ ఒకేలా కుదరదు. జంగపిల్లి, ఇంటిపిల్లి ఒకే ప్రజాతివి. రెండూ సుమారు తొమ్మిది వారాలు కూనల్ని మోస్తాయి. సర్వల్ వేరే ప్రజాతిది, దాని గర్భకాలం పది వారాలు దాటుతుంది. అందుకే సవానా తొలి తరాల్లో నెలలు నిండని కాన్పులు ఎక్కువ. తొలి తరాల సంకర మగపిల్లులకు తరచూ సంతానశక్తి ఉండదు. సంకరంలో ఒక లింగానికే ఈ లోపం వస్తే, అది రెండు వేర్వేరు లింగ క్రోమోజోములున్న లింగానికే వస్తుందని 1922లో చెప్పినవాడు జె.బి.ఎస్. హాల్డేన్. 1957లో మన దేశానికి వచ్చి ఇక్కడే స్థిరపడిన శాస్త్రజ్ఞుడాయన. పిల్లుల్లో ఆ లింగం మగదే. అందుకే ఆడ సంకరాన్ని మళ్లీ ఇంటిపిల్లితో కలుపుతూ పోతారు. అడవి వంతు మొదటి తరంలో సగం, రెండో తరంలో పావు, మూడులో ఎనిమిదో వంతు, నాలుగులో పదహారో వంతుకు తగ్గుతుంది.

స్వభావమూ ఈ లెక్కతోపాటే మారుతుంది. తొలి తరాల పిల్లులు కొత్తవాళ్లను చూస్తే బెదురుతాయి, మూలన నక్కుతాయి. తరాలు గడిచిన చౌసీ మనిషిని అంటిపెట్టుకుంటుంది. అయితే ఒడిలో కునుకు తీసే రకం కాదు. బీరువా పైకి ఒక్క దూకులో ఎక్కుతుంది. ఇంట్లో ఒంటరిగా వదిలితే విసుగెత్తి వస్తువులు చిందరవందర చేస్తుంది. రోజూ ఆటా తోడూ ఇవ్వలేనివారికి ఇది తగదు. అడవిలోకి తప్పించుకుంటే స్థానిక జీవులకు ముప్పని ఆస్ట్రేలియా 2008లో సవానా పిల్లుల దిగుమతినే నిషేధించింది.

మచ్చిక అనేది ఒక కాన్పులో వచ్చే గుణం కాదు. సైప్రస్‌లో మనిషి పక్కనే పాతిన పిల్లి అస్థిపంజరం సుమారు 9,500 ఏళ్లనాటిది. ఇంటిపిల్లుల మూలం పశ్చిమాసియా అడవిపిల్లి అని 2007లో డీఎన్‌ఏ పరిశోధన తేల్చింది. అంటే మన పెరటి పిల్లి వెనుక వేల ఏళ్ల సహవాసం ఉంది. జంగపిల్లి వెనుక అది లేదు.

అందుకే పంట కోతలప్పుడు చేలో జంగపిల్లి కూనలు కనిపిస్తే ముద్దుగా ఉన్నాయని ఇంటికి తేకూడదు. తల్లి వాటిని వదిలేసి పోలేదు, వేటకెళ్లి ఉంటుంది. మనుషులు దూరంగా జరిగితే తిరిగొచ్చి, ఒక్కొక్కదాన్నీ నోట కరుచుకుని మరో చోటికి మారుస్తుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని పట్టడం, పెంచడం నేరం. ఆ మూలన కోత కాసేపు ఆపి, అటవీ సిబ్బందికి కబురు పెడితే చాలు. ఎదిగిన ఆ కూనలే రేపు అదే చేలో ఎలుకల పని పడతాయి.