కొండ ఊరికి దారి వేయాలంటే...



మన ఓడలరేవు పిల్లలకు సముద్రం కొత్త కాదు. వైనతేయం కొత్త కాదు. కాని కొండ అంటే మాత్రం పాఠ్యపుస్తకంలో చూసిన బొమ్మే. అల్లవరం మండలంలో ఎటు చూసినా నేల చాప పరిచినట్టే ఉంటుంది. అలాంటి ఊళ్లో చదువుకున్నవాళ్లకు కొండ మీద అడవి కొట్టి దారి వేసే సంగతి ఎందుకు అని మీరు అడగవచ్చు.

దానికి రెండు కారణాలున్నాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారేవరకు రంపచోడవరం, మారేడుమిల్లి కూడా మన తూర్పు గోదావరి జిల్లాలోనే ఉండేవి. అంటే కొండ మీది పిల్లలూ, సముద్రపు ఒడ్డు పిల్లలూ ఒకే జిల్లా పిల్లలు. రెండవది, మన హాస్టళ్లలో చదివినవాళ్లలో పాలిటెక్నిక్ సివిల్‌కు వెళ్లేవాళ్లు, సర్వేయర్లు, అటవీ శాఖ ఉద్యోగులు అయ్యేవాళ్లు ఉంటారు. మీలో ఎవరో ఒకరు రేపు టేపు పట్టుకుని ఒక కొండ వాలు మీద నిలబడతారు. ఆ రోజు ముందుగా ఏమి చూడాలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మన దారి వేరు, కొండ దారి వేరు

మన దగ్గర ఇంటికి దారి కావాలంటే మెరక చేస్తాం. పుంత పల్లంగా ఉంటే ట్రాక్టర్లతో మట్టి తోలించి పోస్తాం. కొండ మీద పని దీనికి తలకిందులు. అక్కడ మట్టిని తెచ్చి పోయడం కన్నా ఉన్న వాలును కోయడమే ఎక్కువ. మన నేల మీద పోసిన మట్టి కుంగితే మళ్లీ పోసుకోవచ్చు. కొండను తప్పుగా కోస్తే పైనున్న వాలంతా కిందికి జారుతుంది. మన పల్లంలో నీరు నిలుస్తుంది. కొండ మీద నీరు పరుగెత్తుతుంది. కొండ దారికి మొదటి శత్రువు ఆ పరుగెత్తే నీరే.

చెట్టు చేసే పని

ఇది మనకు తెలియని విషయం కాదు. మన ఒడ్డున సరుగుడు తోటలు ఎందుకు పెంచుతారు? ఆ వేళ్లు ఇసుకను పట్టి ఉంచుతాయి, కొమ్మలు గాలి జోరు తగ్గిస్తాయి. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను కోనసీమ కొబ్బరి తోటలను ఎలా పడగొట్టిందో మన పెద్దలు నేటికీ చెబుతారు. చెట్టు విలువ చెట్టు పోయిన తర్వాత తెలిసిన ప్రాంతం మనది.

కొండ మీద కూడా అంతే. ఆకులు వాన దెబ్బను కాస్తాయి. రాలిన ఆకు నీటిని పీల్చుకుంటుంది. వేళ్లు మట్టిని రాతికి కట్టి ఉంచుతాయి. తూర్పు కనుమలలో ఖోండలైట్ అనే రాయి ఎక్కువ. ఖోండు గిరిజనుల పేరు మీదనే దానికి ఆ పేరు వచ్చింది. అది ఎండకూ వానకూ చివికి ఎర్రమట్టిగా మారుతుంది. పైన అడవి ఉన్నంతకాలం ఆ మట్టి నిలుస్తుంది. అడవి తీసి నీటికి దారి చూపకపోతే జారిపోతుంది.

పని వరుస

మొదటిది దారి గీత. కొండకు అడ్డంగా, వాలును చుట్టుకుంటూ గీత పోవాలి. కొండ రోడ్లకు సాధారణంగా 20 మీటర్లు నడిస్తే ఒక మీటరు ఎక్కేటట్టు, అంటే 5 శాతం వాలు పెడతారు. లెక్క వేసి చూడండి. 100 మీటర్ల ఎత్తున ఉన్న ఊరికి 2 కిలోమీటర్ల దారి కావాలి. దగ్గరి దారి అని నిటారుగా కొడితే బండి ఎక్కదు, వానకు ఆ దారే వాగవుతుంది.

రెండవది చెట్ల లెక్క. గీతలో పడే ప్రతి చెట్టుకు నంబరు వేసి, నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున చుట్టుకొలత తీసుకోవాలి. గీతను రెండు మూడు మీటర్లు జరిపితే ఒక పెద్ద చెట్టు మిగులుతుందేమో చూడాలి. జీలుగు, ఇప్ప, చింత చెట్లు ఏదో ఒక ఇంటికి తిండి పెడుతుంటాయి. కాగితంలో యజమాని పేరు లేకపోయినా ఊళ్లో అడిగితే ఆ చెట్టు ఎవరిదో చెబుతారు.

మూడవది కొట్టడం. ముందు తుప్పలు, తీగలు తీయాలి. అడ్డతీగ లాంటివి ఒక చెట్టును మరొక చెట్టుకు కట్టేసి ఉంచుతాయి. వాటిని కోయకుండా చెట్టును కొడితే అది అనుకున్న వైపు పడదు, పక్క చెట్టును కూడా లాక్కుని మీదికి వస్తుంది. చెట్టు పడవలసిన వైపు ముందుగా గాటు పెట్టి, ఆ తర్వాత వెనుక వైపు నుంచి కొంచెం పైగా కోయాలి. కొట్టేవాడు తప్పుకోవడానికి వెనుక దారి ఉండాలి. వాలు కింద ఒక్క మనిషి కూడా ఉండకూడదు.

నాల్గవది మొద్దులు, వేళ్లు. చాలామంది ఇక్కడే తొందరపడతారు. చెట్టు కొట్టేసి, మొద్దు మీద మట్టి కప్పి దారి వేస్తే చూడటానికి బాగానే ఉంటుంది. కొన్నేళ్లకు మొద్దు పుచ్చిపోయి లోపల బోలు ఏర్పడుతుంది, బండి చక్రం దిగబడుతుంది. అందుకే దారి పునాది పొరకు 500 మిల్లీమీటర్ల లోపు మొద్దు ఉండకూడదని మన దేశపు రోడ్డు పనుల నిబంధన. తవ్వి తీసిన గుంటను పొరలు పొరలుగా నింపి దిమ్మిస చేయాలి. పైపొర నల్లమట్టిని పారేయకుండా వేరుగా కుప్ప వేసుకుంటే, కోసిన గట్ల మీద పరిచి గడ్డి పెంచవచ్చు.

ఐదవది నీటి పని. కోసిన గట్టుకు పైన ఒక కాలువ, దారికి కొండ వైపు మరొక కాలువ, వాగు దాటే ప్రతిచోటా తూము ఉండాలి. దారిని కొంచెం కొండ వైపుకు వాల్చితే నీరు లోయ అంచును కోయకుండా కాలువలోకి పోతుంది. తవ్విన మట్టిని కిందికి నెట్టేయకూడదు. అది కింది చెట్లనూ, ఊరు నీళ్లు తెచ్చుకునే ఊటనూ పూడ్చేస్తుంది. సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టి, మృగశిర కార్తె లోపల నీటి పనులు ముగించుకోవడం మేలు.

ఎంత పెద్ద దారికైనా నీటి భయం తప్పదు. తిరుమల మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది, రెండవది 1974లో. ఎంతోమంది ఇంజనీర్లు కనిపెట్టి చూసుకునే ఆ కొండ మీద కూడా, భారీ వర్షాల తర్వాత 2021 డిసెంబరు 1న బండరాళ్లు దొర్లి రెండవ ఘాట్ రోడ్డు దెబ్బతిన్నది. ఇక ఒక చిన్న కొండ ఊరి దారిని పట్టించుకునేవారు లేకపోతే ఏమవుతుందో ఊహించండి.

ఎవరిని అడగాలి?

అడవి భూమిలో దారి వేయాలంటే 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం కింద అనుమతి కావాలి. అయితే గిరిజన ఊళ్ల కోసం 2006 అటవీ హక్కుల చట్టం ఒక వీలు కల్పించింది. ప్రభుత్వం నిర్వహించే బడి, అంగన్వాడీ, రోడ్డు వంటి వాటికి ఒక్కొక్క పనికి ఒక హెక్టారు లోపు భూమి ఇవ్వవచ్చు. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టరాదు. గ్రామసభ సిఫారసు చేసి తీరాలి. 6 మీటర్ల వెడల్పు లెక్కన ఒక హెక్టారుకు సుమారు 1,660 మీటర్ల దారి వస్తుంది. ఒక చిన్న ఊరిని రోడ్డుకు కలపడానికి చాలాచోట్ల అది చాలు. సొంత బంగళాకు, రిసార్టుకు ఈ వీలు వర్తించదు. అడవి కాని పట్టా భూమిలో అయినా చాలా రకాల చెట్లు కొట్టడానికి 2002లో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి.

ఇంత తతంగం ఎందుకు, దారే వద్దనుకోవచ్చు కదా అంటారా? దారి లేని కొండ ఊళ్లలో నిండు గర్భిణులను కర్రకు కట్టిన డోలీలో మోసుకుని కిందికి దించే రోజులు ఇంకా పోలేదు. ఆ తల్లికి దారి కావాలి. అందులో రెండో మాట లేదు. ఆ దారి రెండు వానలకు కొట్టుకుపోకుండా ఉండాలన్నదే మన మాట.

నూరేళ్ల నాటి పాఠం

దారి ఎవరి కోసం, ఎవరి చెమటతో అన్నది కూడా చూడాలి. బ్రిటిషు కాలంలో 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక మన్యం ప్రజల పోడుకూ, అడవిలో తిరగడానికీ ఆంక్షలు పెరిగాయి. ఆ తర్వాత నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు అడవి కొట్టి రోడ్డు వేయించినప్పుడు, గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత సరైన కూలి ఇవ్వకుండా బలవంతంగా పని చేయించాడు. ఆ కడుపుమంట అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో మన్యం తిరుగుబాటుకు ఒక ముఖ్య కారణమైంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద తొలి దాడి జరిగింది.

ఆ రోడ్డు వల్ల ఆ ఊళ్లకు మేలు జరుగుతుందని పాలకులు చెప్పి ఉండవచ్చు. కాని అడిగి వేసిన దారి కాదది. కూలి ఇచ్చి వేసిన దారి కాదది. తర్వాత మన రాజ్యాంగం 23వ అధికరణంతో వెట్టిని నిషేధించింది. ఆ అధికరణం విలువ మన హాస్టల్ పిల్లలకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. మన తాతలు పలుగు, పార పట్టి ఎన్ని గట్లు వేశారో, ఎన్ని పుంతలు మెరక చేశారో మనకు తెలుసు.

కాబట్టి తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, రేపు మీరు ఏ కొండ మీదనైనా దారి గీత గీయవలసి వస్తే మూడు ప్రశ్నలు వేసుకోండి. నీరు ఎటు పోతుంది? ఊరు ఒప్పుకున్నదా? కూలి ముట్టిందా? ఈ మూడింటికీ సరైన జవాబు దొరికాకే మొదటి చెట్టుకు గాటు పెట్టించండి. అప్పుడు ఆ దారి మీద డోలీ బదులు అంబులెన్సు ఎక్కుతుంది, కొండ మీది తమ్ముడు పుస్తకాల సంచితో మన వంటి హాస్టల్‌కు దిగి వస్తాడు.