పటంలోని కొండ

తిరుమల కొండకు కాలినడకన పోవడానికి రెండు సోపాన మార్గాలు ప్రసిద్ధమైనవి. అలిపిరి నుండి సాగే మార్గం పొడవు సుమారు 9 కిలోమీటర్లు; అందులో 3,550 మెట్లున్నాయి. శ్రీనివాస మంగాపురం వైపు నుండి ఎక్కే శ్రీవారి మెట్టు మార్గం 2 కిలోమీటర్లకు కొంచెం పైన ఉంటుంది, మెట్లు 2,388. సాధారణమైన రోడ్డు పటాన్ని ముందుంచుకున్న కొత్త యాత్రికుడు రెండవ దారి మొదటి దానిలో నాలుగవ వంతు శ్రమతో ముగుస్తుందని భావిస్తాడు. మెట్ల సంఖ్య మాత్రం వేరొక మాట చెబుతుంది. నాలుగవ వంతు దూరంలో మూడింట రెండు వంతుల మెట్లు ఇమిడి ఉన్నాయంటే ఆ దారి ఎంత నిటారుగా లేచి ఉంటుందో ఊహించవచ్చు. దూరాన్ని చూపి ఎత్తును విడిచిపెట్టిన పటం కొండదారి విషయంలో సగం సంగతే చెబుతుంది.

మిగిలిన సగాన్ని చెప్పేది స్థలాకృతి పటం. సర్వే, అటవీ శాఖల ఉద్యోగులు దీన్ని టోపోషీటు అని వ్యవహరిస్తారు. ఊళ్ళు, దారులు, వాగులు, చెరువులతోపాటు నేల ఎత్తుపల్లాలను కూడా కొలిచి చూపడం దీని ప్రత్యేకత. చదునైన కాగితం మీద ఎత్తును చూపడానికి సమోన్నత రేఖలనే ఉపాయం ఉంది. సముద్రమట్టం నుండి ఒకే ఎత్తులో ఉన్న బిందువులను కలుపుతూ గీసిన గోధుమరంగు గీతలే ఇవి. వీటిని గ్రహించడానికి వేసవిలో పల్లెటూరి చెరువును చూస్తే చాలు. నీరు అంచెలంచెలుగా తగ్గుతూ పోయే కొద్దీ గట్టు లోపలి వైపున ఒకదాని కింద ఒకటిగా నీటి చారలు మిగులుతాయి. ఒక చార వెంట ఎంత దూరం నడిచినా మనిషి పైకి ఎక్కడు, కిందికి దిగడు. పైనుండి చూసేవారికి గట్టు నిటారుగా ఉన్నచోట చారలు దగ్గర దగ్గరగా, వాలు తక్కువగా ఉన్నచోట ఎడమెడంగా కనిపిస్తాయి. సమోన్నత రేఖల రహస్యమంతా ఇంతే.

1:50,000 స్కేలు గల భారతదేశపు పటాలలో నేలమీది ఒక కిలోమీటరు కాగితం మీద రెండు సెంటీమీటర్లవుతుంది. ఒక సమోన్నత రేఖకూ మరొక దానికీ నడుమ ఎత్తులో తేడా సాధారణంగా 20 మీటర్లు. తిరుపతి పట్టణం సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తున, తిరుమల సుమారు 850 మీటర్ల ఎత్తున ఉన్నాయి. కాబట్టి పట్టణం నుండి కొండపైకి పోయే ఏ దారి అయినా పటంలో ముప్పై నాలుగైదు రేఖలను దాటక తప్పదు. రేఖలను లెక్కించడం ఒక ఎత్తు, వాటి ఆకారాన్ని చదవడం మరొక ఎత్తు. రేఖలు కోసుగా వంగి, ఆ మొన ఎత్తయిన వైపు చూస్తే అది నీరు పారే పల్లం. శేషాచలం ప్రాంతీయులు కోన అని పిలిచేది దానినే. మొన దిగువకు చూస్తే అది కొండ వెన్ను. రెండు శిఖరాల వలయాల నడుమ రేఖలు గుర్రపు జీను వలె నొక్కుకుపోయిన చోటు కనుమ. పూర్వం బండ్లబాటలు వెదుక్కుంటూ పోయినది ఆ చోటునే. రేఖలు ఒకదానిలో ఒకటి కలిసిపోయినట్లు కనిపిస్తే అక్కడ నిట్రమైన చరియ ఉన్నదని అర్థం. తలకోనలో నీరు 82 మీటర్ల ఎత్తు నుండి దూకేది అటువంటి చరియ మీదుగానే.

ఎత్తు తెలిస్తే ప్రయాణానికి పట్టే కాలం తెలుస్తుంది. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండు పర్వతారోహకుడు ఒక తేలికైన లెక్క చెప్పాడు. ప్రతి మూడు మైళ్ళ నడకకు ఒక గంట, ప్రతి రెండు వేల అడుగుల ఎక్కుడుకు మరొక గంట కలుపుకోవాలని దాని సారాంశం. నేటి కొలతలలో ఇది సుమారు 5 కిలోమీటర్లకు ఒక గంట, 600 మీటర్ల ఎత్తుకు మరొక గంట. అలిపిరి దారికి ఈ లెక్క వేస్తే దూరానికి గంటా యాభై నిమిషాలు, ఎత్తుకు సుమారు గంట, మొత్తం మీద దాదాపు మూడు గంటలు వస్తుంది. ఎత్తును లెక్కలోకి తీసుకోనివాడు రెండు గంటలలోపే చేరతానని బయలుదేరి ఉండేవాడు. ఒక గంట తేడా మెట్లదారిలో, దీపాల వెలుగులో ప్రమాదం కాకపోవచ్చు. డిసెంబరు నెలలో తెలుగునాట సాయంత్రం ఆరు గంటలలోపే సూర్యుడు అస్తమిస్తాడు. ఇరువైపులా కొండలున్న కోనలో చీకటి ఇంకా ముందే కమ్ముకుంటుంది. అక్కడ ఆ ఒక్క గంటే, బృందం ఊరు చేరడానికీ అడవిలో దారి తప్పడానికీ నడుమ ఉండే తేడా. పైగా నైస్మిత్ లెక్క తీర్చిన దారులకు వర్తించేది. ముళ్ళపొదలలో, జారే బండల మీద దానిని ఒకటిన్నర రెట్లు చేసుకోవడమే వివేకం.

ఇటువంటి పటాల తయారీ వెనుక రెండు శతాబ్దాలకు మించిన శ్రమ ఉంది. సర్వే ఆఫ్ ఇండియా 1767లో ఏర్పడింది. 1802 ఏప్రిల్‌లో మద్రాసులోని సెయింట్ థామస్ మౌంట్ దగ్గర విలియం లాంబ్టన్ ఏడున్నర మైళ్ళ ఆధారరేఖను కొలవడం మొదలుపెట్టాడు. ఆ రేఖ మీద త్రికోణాలను అల్లుకుంటూ దక్కనును దాటి ఉత్తరానికి సాగి, 1823లో హింగన్‌ఘాట్ దగ్గర మరణించేదాకా ఆయన ఆ పని విడువలేదు. ఆయన పరికరాలను కొండల మీదికి మోసినవారిలో ఎక్కువమంది పేర్లు చరిత్రకు తెలియవు.

ఇంత శ్రమతో, ప్రజాధనంతో తయారైన పటాలు చాలాకాలం ప్రజలకే అందలేదు. దేశరక్షణ కారణంగా సముద్రతీరానికీ సరిహద్దుకూ సుమారు 80 కిలోమీటర్ల లోపలి ప్రాంతాల పటాలను నిషిద్ధ వర్గంలో ఉంచారు. విశాఖపట్నం, కాకినాడ, నెల్లూరు వంటి పట్టణాల విద్యార్థికి తన చుట్టూ ఉన్న కొండల పటం అనుమతి లేకుండా దొరికేది కాదు. విచిత్రమేమిటంటే, అమెరికా సైన్యపు పట విభాగం 1950వ దశకంలో భారతదేశాన్ని 1:2,50,000 స్కేలులో ముద్రించింది. టెక్సాస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం ఆ పటాలను స్కాన్ చేసి ఇంటర్‌నెట్‌లో ఉంచింది. స్వదేశంలో బీరువాలో దాచిన కొండ విదేశీ గ్రంథాలయంలో అందరికీ కనిపించింది. భద్రత అవసరాన్ని ఎవరూ కాదనరు. అయితే ఉపగ్రహాలు ఆకాశం నుండి ప్రతి గుట్టనూ చూస్తున్న కాలంలో ఆ నిషేధం శత్రువును కాక, దారి వెదుక్కునే పౌరుణ్ణే అడ్డుకున్నదని చెప్పక తప్పదు.

మార్పు అంచెలంచెలుగా వచ్చింది. 2005 నాటి జాతీయ పట విధానం సైన్యానికి ఒక శ్రేణినీ, పౌరులకు ‘ఓపెన్ సిరీస్’ అనే మరొక శ్రేణినీ ఏర్పరచింది. 2017లో సర్వే ఆఫ్ ఇండియా తన 250వ వార్షికోత్సవ సందర్భంగా ‘నక్షే’ అనే పోర్టల్‌ను ప్రారంభించి, ఆధార్ సంఖ్య నమోదు చేసుకున్న వారికి 1:50,000 పటాలను పి.డి.ఎఫ్. రూపంలో ఉచితంగా ఇచ్చింది. తరువాత ఆ పనిని సంస్థవారి ఆన్‌లైన్ మ్యాప్స్ పోర్టల్ చేపట్టింది. 2021 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వం పటాల తయారీ, వినియోగాల మీద ఉన్న పాత ఆంక్షలను చాలావరకు సడలించింది. స్విట్జర్లాండు తన పటాల సమాచారాన్ని ఉచితం చేసినది కూడా ఆ సంవత్సరం మార్చిలోనే.

పోర్టల్‌లో కావలసిన పటాన్ని వెదకడానికి షీటు సంఖ్యల పద్ధతి తెలియాలి. ఒక్కొక్క షీటు అక్షాంశంలో పావు డిగ్రీ, రేఖాంశంలో పావు డిగ్రీ ప్రదేశాన్ని చూపుతుంది. అంటే తెలుగునాట ఇంచుమించు 27 కిలోమీటర్ల చదరం. పాత పద్ధతిలో హైదరాబాదు నగరం 56కె/7, 56కె/11 సంఖ్యల షీట్లలోకి వస్తుంది; ఓపెన్ సిరీస్‌లో సంఖ్యలు వేరు, అక్కడ ఈ ప్రాంతం ‘ఇ44’ తో మొదలవుతుంది. కొండలు షీట్ల హద్దులను ఎరుగవు. ఒకే కొండ నాలుగు షీట్ల మూలలలో చీలిపోవడం అరుదేమీ కాదు. ఇరుగుపొరుగు షీట్లను కూడా తెచ్చుకోనివాడు దారి మధ్యలో పటం అంచుకు చేరుకుంటాడు.

సర్వే పటాలు కాక మరికొన్ని ఉచిత వనరులున్నాయి. 2000 సంవత్సరం ఫిబ్రవరిలో ఎండెవర్ అనే అమెరికా అంతరిక్ష నౌక పదకొండు రోజుల యాత్రలో రాడార్ సాయంతో భూతలంలో దాదాపు 80 శాతం ఎత్తుపల్లాలను కొలిచింది. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం కార్టోశాట్ ఉపగ్రహ చిత్రాల నుండి రూపొందించిన ఎత్తుల సమాచారం ఇస్రో వారి ‘భువన్’ ద్వారా లభిస్తుంది. ఇంగ్లండులో 2004లో మొదలైన ‘ఓపెన్ స్ట్రీట్ మ్యాప్’ను ప్రపంచమంతటి స్వచ్ఛంద కార్యకర్తలు నింపుతున్నారు. దాని దారులను, రాడార్ ఎత్తులను కలిపి గీసినదే ‘ఓపెన్ టోపో మ్యాప్’. సర్వే సంస్థవారి ఓపెన్ సిరీస్ మ్యాప్‌నూ, ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌నూ ఓ.ఎస్.ఎం. అనే మూడక్షరాలతోనే వ్యవహరించడం వల్ల కొత్తవారు తికమకపడుతుంటారు.

ఉచితమైనదంతా సమానంగా నమ్మదగినది కాదు. రాడార్ సమాచారంలో ఒక్కొక్క గడి సుమారు 30 మీటర్లు. తలకోన వంటి నిట్రమైన చరియ రెండు మూడు గడులలో పరచుకుని, ఎక్కదగిన వాలు వలె కనిపించగలదు. దట్టమైన అడవిలో రాడార్ తరంగాలు చాలావరకు నేలను తాకక చెట్ల తలల దగ్గరే వెనుదిరుగుతాయి. పాత పటాలలో లోపం వేరు. 1950వ దశకపు అమెరికా పటంలో నాగార్జునకొండ లోయ ఇంకా నేలగానే ఉంటుంది. నేడు ఆ లోయ సాగర జలాల అడుగున ఉంది, కొండ ద్వీపమైంది. పాత షీట్లలో ఎత్తులు అడుగులలో ఉండవచ్చు. వాటి అక్షాంశ రేఖాంశాలు ఎవరెస్టు గోళాభం అనే పాత ఆధారం మీద లెక్కించినవి; నేటి ఫోనులోని జి.పి.ఎస్. వేరొక ఆధారం మీద పనిచేస్తుంది. రెండింటినీ సరిచూసుకోకుండా కలిపితే గుర్తు వంద మీటర్లకు పైగా పక్కకు జరుగుతుంది. మైదానంలో అది పొలం గట్టు తేడా, కొండ అంచున అది ప్రాణానికి సంబంధించిన తేడా. అందువల్ల అనుభవజ్ఞులు మొదట చదివేది పటాన్ని కాదు, దాని అంచున ముద్రించిన సర్వే సంవత్సరాన్ని, స్కేలును, ఎత్తుల కొలతను. ఆ తరువాతనే ఒక వనరులోని దారిని మరొకదానితో పోల్చి చూస్తారు. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో కొత్త బాట ఉండి సర్వే పటంలో లేకపోతే ఆ బాట అడుగున సమోన్నత రేఖలు ఎలా ఉన్నాయో పరిశీలిస్తారు. చరియ మీదుగా నేరుగా దిగే బాటను ఇంటి దగ్గర కూర్చున్నవారెవరో ఊహించి గీసి ఉండవచ్చు.

దారి పటంలో ఉన్నంతమాత్రాన పోవడానికి హక్కు లభించదు. శేషాచలంలో, నల్లమలలో రక్షిత అరణ్యాలు, అభయారణ్యాలు ఉన్నాయి. అటవీశాఖ అనుమతి, దారి తెలిసిన స్థానికుని తోడు అవసరం. ఆ స్థానికునికి తెలిసినవన్నీ పటంలో ఉండవు. ఏ దొనలో వేసవిలో కూడా నీరుంటుంది, ఏ వాగు వాన కురిసిన గంటలో పొంగుతుంది అన్న విషయాలు అతని నోటనే వినాలి. బయలుదేరే ముందు పటాన్ని ఫోనులో దింపుకోవడంతోపాటు కాగితం మీద కూడా అచ్చు వేసుకుంటారు. కోనలలో ఫోనుకు సంకేతాలు అందవు, బ్యాటరీ కూడా సాయంత్రానికి ఖాళీ అవుతుంది. నడకలో తెలుసుకున్న నీటి తావులను, తెగిన బాటలను ఆ కాగితం మీదే గుర్తిస్తారు. తిరిగి వచ్చిన తరువాత వాటిని ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో ఎవరైనా చేర్చవచ్చు. ఇంగ్లీషు అక్షరాలలో గుర్తుపట్టరాకుండా మారిన దొనల, గుండాల, కనుమల పేర్లను స్థానికులు పలికినట్లే తెలుగు లిపిలో రాసే వీలు కూడా అందులో ఉంది.